గాడి తప్పిన పాట

ఆ పిడకను ఇంకాస్త లోపలికి తొయ్యరా అబ్బాయ్. పొగ నీ కళ్ళలోకే వస్తోందా? రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎట్లా, నెగడు దగ్గర కూర్చున్నాక పొగకు జడిస్తే ఎట్లా! ఇటు నా పక్కకు జరుగు. గోడ అడ్డం ఉంది, ధనుర్మాసం గాలి తగలదు. ముందు చెవుల్లో ఆ తెల్లగింజలు తీసి జేబులో వేసుకో. కోప్పడటం లేదులే. తల ఊపుతున్నావు, చిటికెలు వేస్తున్నావు, మంచి పాటే అయి ఉంటుంది. కానీ మూరెడు దూరంలో ఉన్న నాకు అదేం పాటో తెలియదు. మా రోజుల్లో ఒకడు పాట పెట్టాడంటే మూడు బజార్లు విన్నట్టే. ఒంటరిగా వినే ఉపాయం మాకు లేదు. ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు గానీ, లేకపోబట్టి ఏమేం జరిగాయో చెబుతా. మీ నానమ్మ వడ్డించడానికి ఇంకా చాలా పొద్దుంది.

మా ఇంటికి గ్రామఫోను 1952లో వచ్చింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. తెనాలి అంటే నాటకాల ఊరు కదా, అక్కడ హార్మోనియం వాయించే ఒకాయన కూతురి పెళ్ళి అవసరానికి పెట్టెను అమ్మకానికి పెట్టాడు. మా నాన్నగారు మినుములు అమ్మిన డబ్బుతో ఎడ్లబండిలో వెళ్ళారు. నల్ల పెట్టె, 12 ప్లేట్లు కలిపి 60 రూపాయలకు బేరం చేసి తెచ్చారు. కొడవళ్ళకు కక్కులు పెట్టించడానికి వెళ్ళిన మనిషి పాటలపెట్టె తెచ్చాడని మా అమ్మ వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. వడ్డించేది, పలకరించేది కాదు. ఆ వారం నాన్నగారు ప్లేట్లు అరుగు మీద పెట్టుకుని విన్నారు, అమ్మ వంటింట్లో నిలబడి వింది. ఇంట్లో అందరికీ తెలుసు వింటోందని. పప్పు మాడిన రోజు ఇంకా బాగా తెలిసింది.

పెద్ద బాకా ఉన్న గ్రామఫోను బొమ్మల్లో చూసి ఉంటావు. అది ఇంకా పాతరకం. మాది పెట్టెరకం, మూత మూస్తే పట్నం వెళ్ళే మనిషి చేతిసంచీలా ఉండేది. బాకా లోపలే మడిచి పెట్టారు. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. పక్కన ఒక కీ ఉంటుంది. దాన్ని తిప్పితే లోపల ఉక్కు స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకుంటూ ప్లేటును నిమిషానికి 78 చుట్లు తిప్పుతుంది. ఆ కీ తిప్పే ఉద్యోగం నాది. మరీ బిగిస్తే స్ప్రింగు తెగుతుంది, వదులుగా వదిలేస్తే పాట మధ్యలో నీరసం వస్తుంది. పి. లీల గొంతు మెల్లగా దిగుతూ దిగుతూ మాధవపెద్ది సత్యం గొంతులోకి జారేది. జనం పడీపడీ నవ్వేవాళ్ళు. నాన్నగారు నావైపు ఒక్క చూపు చూసేవారు. నేను పరుగెత్తి నాలుగు తిప్పులు తిప్పితే లీల మళ్ళీ లేచి వచ్చేది.

ఇక ముల్లు. సూది అనేవాళ్ళు కొందరు, మా వైపు ముల్లే. చిన్న రేకు డబ్బాలో 200 ముళ్ళు వచ్చేవి. ఒక ముల్లు ఒక పక్కకే, ప్లేటు తిరగేస్తే కొత్త ముల్లు వెయ్యాలని డబ్బా మీద రాసి ఉండేది. ఎందుకంటావా? ప్లేటులో లక్కతో పాటు రాతిపొడి కలిపేవారు. ఆ రాయి ముల్లును అరగదీసి, గాడికి సరిపోయే మొన తయారుచేసుకుంటుంది. మూడు నిమిషాలు పాడేసరికి ఆ మొనకు అంచులు పడి, ఉలిలా అయిపోతుంది. అదే ముల్లు మళ్ళీ వేస్తే ఇక అది గాడినే చెక్కేస్తుంది. ఈ సంగతి తెలిసి కూడా మా నాన్నగారికి ముల్లు పారెయ్యడానికి చెయ్యి రాదు. రెండుసార్లు, మూడుసార్లు వేసేవారు. సానరాయి మీద నూరి మళ్ళీ వేసేవారు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టు, దమ్మిడీ ముల్లు దగ్గర చూసుకుని మూడు రూపాయల ప్లేట్లను బూడిద చేశారు. అరిగిపోయిన రికార్డు అంటారే మీరు, చెప్పిందే చెప్పే మనిషిని చూసి? నిజానికి అరిగిన రికార్డు చెప్పిందే చెప్పదురా. అది బుస్సుమంటూ, గొంతు పోయి, వరిపొట్టు చెరిగినట్టు పాడుతుంది. చెప్పిందే చెప్పేది గీత పడిన రికార్డు. గాడి గోడ విరిగి ముల్లు వెనక్కి జారితే, పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరా అని ఒకే ముక్క మోగుతూ ఉంటుంది. అదే ముందుకు జారితే మధ్యలో మాటలు ఎగిరిపోతాయి. ఈ ముందుకు జారడం సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికి రావాలి.

లక్క అన్నాను కదా. మోదుగ చెట్ల మీద, రేగు చెట్ల మీద ఒక పురుగు పెట్టే జిగురు అది. పాండవుల కాలంలో దాంతో ఇల్లు కట్టారు, మా కాలంలో పాటలు పోశారు. ప్రపంచంలో ఎక్కడ ప్లేటు పోసినా లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే పోవాలి. రెండో యుద్ధం రోజుల్లో లక్క దొరక్క సీమదేశాల్లో పాత ప్లేట్లు పోగుచేసి మళ్ళీ కరిగించి పోశారు. మన ప్లేట్లు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో తయారయ్యేవి. మీద బాకా ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ. హెచ్ఎమ్‌వీ అని ఎవడూ అనేవాడు కాదు, కుక్క మార్కే. ఆ కుక్క నిజంగా ఉందిరా, పేరు నిప్పర్. ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు బొమ్మ గీశాడు. మొదట వేరే రకం యంత్రం ముందు కూర్చోబెట్టి గీసి, కంపెనీవాళ్ళు కొంటామంటే దాన్ని చెరిపి గ్రామఫోను గీసి ఇచ్చాడు. మా ఊరి కరణంగారు మాత్రం ఆ బొమ్మ చూసి, కుక్కకే అర్థమయ్యే పాటలు మనమెందుకు వినాలి అని ఏడాదిపాటు మా అరుగెక్కలేదు. తర్వాత ఎక్కిన మనిషి దిగలేదు.

మన దేశంలో పేరు తెచ్చుకున్న మొదటి ప్లేటు పాట ఎవరిదో తెలుసా? కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది, 1902లో. పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేది. డంబం కాదు. అప్పట్లో అచ్చులు జర్మనీలో హానోవర్‌కు ఓడ మీద పోవాలి, అక్కడ పోసేవాళ్ళకు ఎవరి పాట ఏదో తెలియాలి, అందుకని. ఆ అలవాటు ఆ కాలపు గాయకులు చాలామందికి పట్టింది. మా నాన్నగారికీ పట్టింది. ఆయన పద్యం పాడి చివర పేరు, ఊరు చెప్పేవారు, వినేది ఇంట్లోవాళ్ళమే అయినా. ఎక్కడో కలకత్తా దాకా పోయాం. రా, మళ్ళీ మా అరుగు మీదికి రా.

సాయంత్రం దీపాలు పెట్టాక పెట్టె బయటికి వచ్చేది. చాప ముందు వరస పిల్లలది, అరుగు అంచు పెద్దలది, వాకిలి తలుపు వెనక ఆడవాళ్ళది. ఎవరూ గీసిన గీత కాదు, కానీ ఎవరూ దాటేవారు కాదు. నాన్నగారు ప్లేటును కాగితం సంచీలోంచి తీసి, అంచులు మాత్రమే రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పంచె కొంగుతో కాకుండా దానికోసమే ఉంచిన మఖమల్ గుడ్డతో తుడిచి, మీద రాసి ఉన్నది పైకి చదివేవారు. పాడినవారు ఎవరు, ఏ నాటకం, ఏ రాగం. అది చదివేటప్పుడు దగ్గకూడదు. తర్వాత మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. బీడీ వెలిగించుకోవాలన్నా పాట అయ్యాకే. పాట బాగుంటే, నాటకాల్లో కేకేసినట్టే ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్ళు, పెట్టెకు వినపడుతుందన్నట్టు. నాన్నగారు గంభీరంగా ముల్లెత్తి మళ్ళీ మొదట్లో పెట్టేవారు.

ప్లేటు కొనడమంటే మాటలు కాదు. మూడు రూపాయలంటే 48 అణాలు. తెనాలిలో ఇడ్లీ, కాఫీ కలిపి మూడణాలు. అంటే ఒక ప్లేటు 16 పూటల ఫలహారం అని మా అమ్మ లెక్క. 1957లో నయాపైసలు వచ్చాక ఆ లెక్క కూడా చెడింది. అణాకు ఆరు పైసలన్నారు, మరి 16 అణాలు కలిపితే 96 పైసలే కదా, మిగతా నాలుగు పైసలు ఎవరు తిన్నారని ప్రతి కొట్టు దగ్గరా తగాదాలే. సరే, అది వేరే ముచ్చట. ప్లేటు కొనేముందు కొట్టువాడు వినిపించేవాడు. అరగంట కూర్చుని, నాలుగు విని, ఒకటి కొనేవాళ్ళం. వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఏమీ కొనకుండా నాలుగూ విని, వక్క అడిగి పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు. కొట్టువాడు ఏమీ అనేవాడు కాదు. వినడానికి వచ్చినవాణ్ణి పొమ్మనడం మర్యాద కాదని అప్పటి లెక్క.

ఏమేం వినేవాళ్ళమో చెప్పాలి కదూ. నాటకాల పద్యాలు ముందు. తర్వాత టంగుటూరి సూర్యకుమారి పాటలు. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ ఊరూరికీ పాకింది ఆమె ప్లేటు వల్లే. తర్వాత ఘంటసాల. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ ఆయన గొంతులో వచ్చిన నెలలో మా మేనత్త పూలు కొయ్యడం మానేసింది. పూలు అట్లా మొరపెట్టుకుంటుంటే గోళ్ళతో తుంచడానికి చేతులెట్లా వస్తాయని ఏడ్చింది. దేవుడికి వారం రోజులు అక్షతలే. ఎనిమిదో రోజు మల్లెలు విరగబూశాయి. సాయంత్రానికి అత్తయ్య జడలో మూరెడు దండ ఉంది. మేమెవరమూ ఏమీ అనలేదు.

నాన్నగారికి ప్రాణం ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయోలిన్. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన మనిషి. కచేరీలో రాగం ఎత్తుకుంటే గంట గడిచేది తెలియదట. ప్లేటుకు ఉన్నది మూడు నిమిషాలు. గంట సంగతిని మూడు నిమిషాల్లో చెప్పాలంటే ఎవడైనా ఉరుకుతాడా లేదా? ఆయన ఉరకలేదు. విడిచిపెట్టాల్సింది విడిచిపెట్టి, ఉంచాల్సింది ఉంచి, తీరుబడిగా వాయించాడు. అది నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. పెద్దవాణ్ణయి బడిపంతులునయ్యాక, నలభై నిమిషాల పీరియడ్‌లో పాఠం ముగించడం రానప్పుడు, ఆ ప్లేటు గుర్తుచేసుకునేవాణ్ణి.

ఇప్పుడు, ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆ గీత సంగతి. మా పెదనాన్న కూతురి పెళ్ళికి గ్రామఫోను మోసుకుపోయారు మా మామయ్య. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే అయింది. అప్పటికే అక్కడ మైకుసెట్టు ఉంది. కొబ్బరిచెట్టుకు హారన్ కట్టి, కింద అహూజా పెట్టె పెట్టుకుని కూర్చున్న కుర్రాడు నాలుగూళ్ళకు వినపడేటట్టు మోగిస్తున్నాడు. వాడికి పాటలన్నీ ఒకటే. అప్పగింతల వేళ దేవదాసు సినిమాలోంచి ఏడుపు పాట ఒకటి వేశాడు. పెళ్ళికొడుకు మేనత్త నెత్తి కొట్టుకుంది. వాణ్ణి ఆపి, మా పెట్టెలో మంగళహారతి ప్లేటు పెట్టమన్నారు. తొందరలో మామయ్య చేతిలోంచి కీ జారి ప్లేటు మీద పడింది. పగల్లేదు. అడ్డంగా ఒక గీత. రెండో చరణం మధ్యలో ముల్లు టక్కుమని ముందుకు దూకడం మొదలుపెట్టింది. ఒక గాడి దూకితే ముప్పాతిక సెకను పోతుంది. అది నాలుగు గాళ్ళు దూకేది, మూడు సెకన్ల పాట. అమ్మకు ఆ ప్లేటంటే ఇష్టం. నాన్నగారు కొత్తది కొంటానంటే, దూకితే దూకనీ, మూడు రూపాయలు ఎందుకు తగలెయ్యడం అంది. ఆ పాటను ఆ ప్లేటు దగ్గరే నేర్చుకుంది.

ఇంతలో ఒక చిక్కుప్రశ్న. ప్లేటుకు ఒక పక్కన ఎన్ని గాళ్ళుంటాయి? వందా? రెండొందలా? ఆలోచించు, నేను ఈ కట్టె ఎగదోస్తాను. చాలాసార్లు అడిగాను ఈ ప్రశ్న, ఇంజనీర్లను కూడా. ఒక్కటేరా! బయటి అంచు దగ్గర మొదలై, లోపలిదాకా చుట్లు చుట్లుగా పోయే ఒకే ఒక గాడి. మూడు నిమిషాల పాటకు 234 చుట్లు. తర్వాత వచ్చిన ఎల్పీ అయితే నిమిషానికి 33 చుట్ల పైచిలుకే తిరుగుతుంది, గాడి సన్నం, పక్కకు ఇరవై నిమిషాలు పాడుతుంది. ఆ గాడిని తాడులా సాగదీస్తే నాలుగు వందల మీటర్లు దాటుతుంది. చరణం మధ్యలో నేను నాలుగు గాళ్ళు అన్నది కూడా వాడుకలో మాటే. నాలుగు చుట్లు అనాలి.

ఎల్పీలు మా ఊరికి ఆలస్యంగా వచ్చాయి. అమెరికాలో 1948లోనే వచ్చాయట. మా చేతికి 1970 దాటాకే. అవి లక్కవి కావు, వినైల్. కిందపడితే పగలవు, ఎండలో పెడితే అప్పడంలా వంకర పోతాయి. మామయ్య, అవును ఆ మామయ్యే, మొదటి ఎల్పీ కొని, మన పెట్టె ఉండగా వేరే యంత్రం ఎందుకని పాత గ్రామఫోను మీదే పెట్టాడు. గ్రామఫోను తలకాయ వంద గ్రాములకు పైగా బరువు, కింద ఉక్కు ముల్లు. ఎల్పీకి రెండు మూడు గ్రాములు మించి ఆనకూడదు. ఒక్కసారి తిరిగేసరికి నల్లరేగడిలో నాగలి పోయినట్టు చాలు పడింది. ఆయన ఇంకో చుట్టు తిప్పి చూశాడు, నమ్మకం కుదరక.

నేను బడిపంతులు జీతంలో రెండేళ్ళు మిగిల్చి హెచ్ఎమ్‌వీ ఫియస్టా కొన్నాను. చిన్న పెట్టె, బ్యాటరీల మీద నడుస్తుంది. దానితో కొన్న మొదటి ఎల్పీ ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం. 1963లో వచ్చినదే అయినా అప్పటికీ కాఫీ హోటలు తలుపు తియ్యగానే అదే, గుడి తలుపు తియ్యగానే అదే. రెండోది ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆ గీత ఆయన పోయాకే ఇంటింటికీ వచ్చింది. మొదటిసారి విన్న రోజు మా ఇంట్లో ఇరవైమంది ఉన్నారు, ఎల్పీ రెండు పక్కలూ అయ్యేదాకా ఎవరూ లేవలేదు. ఇప్పుడు ఆ గొంతు వినపడితే ఎవరింట్లో ఎవరు పోయారని అడుగుతున్నారు. నాకు అది బాధరా. శవం బండి మీద తప్ప ఇంకెక్కడా ఆ గీత వినపడకుండా పోయిందంటే అది ఆయన తప్పు కాదు, మన తప్పు. బతికున్నవాళ్ళు వినడానికి పాడిన పాట అది. ఆదివారం పొద్దున నేను ఇప్పటికీ పెడతాను. పక్కింటివాళ్ళు మొదట్లో గాభరాపడి పరుగెత్తుకొచ్చేవాళ్ళు, ఇప్పుడు అలవాటుపడ్డారు.

సామాన్ల పిచ్చి గురించి చెప్పకుండా పాటల ముచ్చట పూర్తి కాదు. మా ఊరి రైసుమిల్లు ఆసామి ఒకాయన ఉండేవాడు, బంగారం లాంటి మనిషి. మద్రాసు నుంచి ఆంప్లిఫయరు, టర్న్‌టేబులు, టేకు పెట్టెల్లో రెండు స్పీకర్లు తెప్పించాడు. ఊళ్ళో అందరినీ పిలిచి కుర్చీలో ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టి, రైలు శబ్దం ఉన్న ప్లేటు పెట్టేవాడు. రైలు ఎడమ స్పీకరులో బయలుదేరి కుడి స్పీకరులోకి వెళ్ళిపోయేది. ముసలమ్మలు కాళ్ళు పైకి తీసుకునేవాళ్ళు. తర్వాత ఆయన లేచి, స్పీకరు రెండంగుళాలు జరిపి, మళ్ళీ రైలు నడిపేవాడు. పదేళ్ళు ఆ రైలు అట్లా నడిచింది. ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా విన్నట్టు నేను చూడలేదు. పాట మొదలవగానే, పంతులుగారూ, ఇక్కడ కింది స్వరం గమనించండి అని ఆపేసేవాడు. వినగా వినగా నాకు కింది స్వరాలు బాగా తెలిశాయి, పై స్వరాలు ఇంటికెళ్ళి వినేవాణ్ణి.

అట్లాగని ఆయన దగ్గర నేర్చుకున్నది తక్కువ కాదు. స్పీకర్లు చెవి ఎత్తున ఉండాలి, మూలకు నెట్టకూడదు, మూలలో పెడితే మద్దెల మోత గూబ గుయ్యిమంటుంది. ఉత్త గచ్చుగది కన్నా పరుపులు, బొంతలు, బట్టల దండెం ఉన్న గదిలో పాట బాగుంటుంది. శబ్దాన్ని అవి మింగుతాయి, గోడలు తిరగ్గొడతాయి. మా పాత పెంకుటింట్లో ఘంటసాల పక్కన కూర్చుని పాడినట్టుండేది. స్లాబు ఇల్లు కట్టాక బావిలోంచి పాడినట్టయింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడకు మీ నానమ్మ బొంత వేలాడదీశాను. చుట్టాలు వస్తే బొంత ఎందుకు ఆరేశారని అడిగేవాళ్ళు. నానమ్మ సమాధానం చెప్పేది కాదు, నావైపు చూసేది.

టేకు పెట్టెలు కొనలేని మాలాంటి వాళ్ళకు కుండ ఉంది. నవ్వకు! ఎనిమిదంగుళాల స్పీకరు కొని, మట్టికుండ మూతి మీద బోర్లించకుండా పైకి చూసేటట్టు బిగించేవాళ్ళం. ఉత్త స్పీకరు రేకులా అరుస్తుంది. ఎందుకంటే దాని అట్ట ముందుకు తోసినప్పుడు వెనక గాలి లోపలికి లాక్కుంటుంది. ముందు శబ్దం, వెనక శబ్దం కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ముఖ్యంగా మద్దెల శబ్దం. కుండ ఆ వెనక శబ్దాన్ని కడుపులో దాచుకుంటుంది. అంతే, మద్దెల మద్దెలలా పలుకుతుంది. సోడాకొట్టు, సైకిల్‌షాపు, టీకొట్టు, ఎక్కడ చూసినా మూల ఒక కుండ పాడుతూ ఉండేది. కుమ్మరి మమ్మల్ని, నీళ్ళకా పాటలకా అని అడిగి కుండ ఇచ్చేవాడు.

ఆ కుండల కాలమే క్యాసెట్ల కాలం. క్యాసెట్టును బయటికి తెచ్చింది 1963లో, హాలండు ఫిలిప్స్ వాళ్ళు. మా ఊరికి 1980 ప్రాంతంలో, శంకరాభరణం సినిమాతో పాటు వచ్చాయనుకో. గోదావరి జిల్లాల నుంచీ, కడప వైపు నుంచీ కువైట్ వెళ్ళినవాళ్ళు సెలవుల్లో వస్తూ టూ-ఇన్-వన్, అంటే రేడియో, టేపు కలిసిన పెట్టె, తెచ్చేవాళ్ళు. అది భుజం మీద పెట్టుకుని బస్సు దిగితే పెళ్ళిసంబంధాలు వాటంతటవే వచ్చేవి. పట్నంలో రికార్డింగ్ సెంటర్లు వెలిశాయి. మనకు కావలసిన పాటలు తెల్లకాగితం మీద రాసి ఇస్తే, ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అది కంపెనీలకు ఇష్టంలేని వ్యాపారమే. మా తప్పూ అందులో ఉంది. కానీ ఆ కాగితం రాయడం ఉందే, శుభలేఖ రాసినంత జాగ్రత్త. అరవై నిమిషాల క్యాసెట్టు, పక్కకు ముప్పై. ఏ పాట తర్వాత ఏ పాట, చివర రెండు నిమిషాలు మిగిలితే అందులో ఏం పడుతుంది? నాకు ఇప్పటికీ ఒక సుశీల పాట అయిపోగానే, ఎక్కడ విన్నా సరే, నా క్యాసెట్టులో దాని తర్వాతి పాట చెవిలో మొదలైపోతుంది.

టేపు లోపలికి చుట్టుకుపోతే ఆరుపలకల పెన్సిలు పెట్టి తిప్పేవాళ్ళం. తలకాయ మురికిపడితే స్పిరిటు, దూది. వెనక రెండు చిన్న పలుకులు ఉంటాయి, అవి విరిచేస్తే దాని మీద ఇంకెవరూ కొత్తగా రికార్డు చెయ్యలేరు. ఆ పలుకులు విరచడం మర్చిపోయి మా నాన్నగారు పద్యం పాడి పేరు, ఊరు చెప్పిన క్యాసెట్టు మీద మీ బాబాయ్ డిస్కో పాటలు ఎక్కించాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు, ఏమనగలం? చివర్లో డిస్కో అయిపోయాక, ‘...వారిపాలెం, తెనాలి తాలూకా’ అన్న ముక్క మిగిలింది. ఆ క్యాసెట్టు నా బీరువాలో ఉంది.

సీడీలు వచ్చాయి, పోయాయి. వాటి గురించి చెప్పేందుకు నా దగ్గర పెద్దగా ఏమీ లేదు.

ఆ, ప్లేటు మీది గీత సంగతి. నువ్వే గుర్తుచేస్తావని చూశాను, నీ కళ్ళు మూతలు పడుతున్నాయి. మా అమ్మ ఆ మంగళహారతిని ప్లేటు దూకిన చోట తనూ దూకుతూ పాడేది. రెండో చరణం సగంలో తెగి, మూడు సెకన్లు దాటి, అవతలి మాట మీద కాలు మోపేది. గొంతు ఎక్కడా తడబడేది కాదు. పాటే అట్లా ఉందని ఆమె నమ్మకం. వినాయక చవితికి అదే, వరలక్ష్మీ వ్రతానికి అదే, శ్రీరామనవమికి అదే. మా చెల్లెలు అమ్మ దగ్గర నేర్చుకుంది. చెల్లెలి అత్తవారింట్లో ఒక సంగీతం పంతులమ్మ, అమ్మాయ్, చరణంలో ముక్క పోయింది అందట. మా అమ్మ ఇట్లాగే పాడేది అని చెల్లెలు మొహం ముడుచుకుంది. తర్వాత ఎవరూ అనలేదు.

పోయినేడు నువ్వే కదరా ఫోనులో వెతికి ఆ పాట పట్టుకొచ్చావు? గీత లేని ప్లేటు ఎవరి దగ్గరో ఉంటే ఎక్కించారు. రెండో చరణం వచ్చేసరికి నా ఒళ్ళు ముందే దూకడానికి సిద్ధమైంది. ముల్లు దూకలేదు. డెబ్భై ఏళ్ళకు ఆ మూడు సెకన్లు విన్నాను. అందులో ఏముందో తెలుసా? అమ్మవారి పేరు. హారతి ఎవరికిస్తున్నారో చెప్పే మాట ఒక్కటే ఎగిరిపోయింది. అందుకే మా ఇంట్లో అది ఏ దేవుడికైనా సరిపోయేది!

చెల్లెలికి చెబుదామని ఫోను తీశాను. ఆ రోజే డల్లాస్‌లో దాని మనవరాలి బిడ్డకు బారసాల, అందరూ ఫోనులో కనపడుతున్నారు. పళ్ళెం తిప్పుతూ హారతి ఎత్తుకున్నారు. చెల్లెలు, కూతురు, మనవరాలు, పక్కన తెలుగు సరిగా రాని ఇద్దరు పిల్లలు. రెండో చరణం సగానికి వచ్చింది. ఆ చోటికి రాగానే అయిదుగురూ కలిసి ఒక్కసారిగా దూకారు.